బయ్యన్న గుంటకెక్కిన సంగతి

ఈ సంగతి నాకు మొదట చెప్పింది హనుమక్క. బయ్యన్న ఇంట్లో కూలికి పోతాండె ఆమె. ఎవురో చెప్తే విన్నది కాదు, తన చేతులతో తాను చేసిన పని. కూర్చోప్పా, ఆ బండ మీద కాదు, ఆడ ఎండ పడ్తాది, ఈ పక్కకి రా. నువ్వు బయ్యన్న పేరెత్తినావు గాబట్టి చెప్తాండా, లేకుంటే ఎర్రన్న మనవడితో నాకు మాటలేంటికి? మొగం ముడ్చుకోవద్దు. మీ జేజినాయన ఎర్రన్న బయ్యన్నకు తోడబుట్టిన తమ్ముడు. ఇద్దరికీ రాప్తాడు దావలో పద్నాలుగెకరాల ఎర్రచేను, ఉమ్మడి సేద్యం. యాభై తొమ్మిదో సమ్మచ్చరం. యాభై ఎనిమిది అనేటోళ్ళుండారు, వాళ్ళకేం తెల్సు, తప్పు. శివరాత్రికి ముందు ఒకనాడు పొద్దున్నే బయ్యన్న ఎద్దులకు కసువేస్తా వేస్తా పక్కకి ఒరిగిపోయినాడు. కుడి చెయ్యి పడిపాయ, కుడి కాలు పడిపాయ, మూతి వంకరపాయ. పక్షవాతం. వాతమంటే గాలే గదా, గాలి తగలగూడదని మీ జేజినాయన కిటికీకి గోనెపట్టా కొట్టి, తలుపేసి, అన్నను చీకట్లో పండబెట్టినాడు. పావురం నెత్తర పూసినారు. చెడు చెయ్యల్లని కాదు, ఆ మాట నేనూ ఒప్పుకుంటా, అప్పుడు అందరూ అట్లే చేస్తాండ్రి. నెలన్నరకు మంచి కాలు కూడా పుల్ల మాదిరి అయిపాయ.

బయ్యన్న పెండ్లాం రామసుబ్బమ్మది గుత్తి. వాళ్ళన్న వచ్చి, బావను బండిలో వేసుకోని గుత్తికి ఎత్తుకపోయినాడు. ఆడ డాక్టరు చూసి, "ఎవరమ్మా ఈయన్ని బతికుండంగానే పాతిపెట్టింది?" అన్నాడంట. "గాలి తగిల్తే చావడు, పండుకుంటే చస్తాడు. నిలబెట్టు. బరువు పడిపోయిన కాలి మీద పడల్ల. పడ్తాడు, పడనీ. పడి లేచేది కూడా నేర్పల్ల" అన్నాడంట. సరే, ఆమె తిరిగొచ్చేలోపల ఈడ మీ జేజినాయన పంచాయితీ పెట్టిన్యాడు. "మా అన్న ఇంగ లేవడు, సేద్యమంతా నా చేతికియ్యండి, వాళ్ళకు ఏడాదికి తిండిగింజలు కొలిచేస్తా" అని. రామసుబ్బమ్మ బండి దిగీ దిగకముందే పెద్దమనుషుల ముందర నిలబడె. "మా భూమిలో పండిన గింజలు మేము చేట పట్టుకోని మరిది గడపలో అడుక్కోవల్లనా?" అనె. ఊరిపెద్ద లింగప్ప రొంత న్యాయం తెలిసినోడు. ఆయన తీర్పు చెప్పె: "ఏరువాక నాడు బయ్యన్న గుంటకెక్కి, ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా పోయి మళ్ళి రానీ. వస్తే ఆయన భాగం ఆయన చేతిలోనే. రాకుంటే ఎర్రన్న చేతికి." ఇంగ ఉండేది డెబ్బై దినాలు.

గుంటకంటే నువ్వు చూసింటావో లేదో. పెద్ద దిమ్మ, కింద అడ్డంగా ఇనుప బద్ద. ఎద్దులు ఈడుస్తాంటే ఆ బద్ద నేలను పైపైన చెక్కుతా పోతాది. నేల గట్టిగుంటే బరువుకి మనిషి దిమ్మ మీదెక్కి నిలబడల్ల. మంచి కాళ్ళుండేటోడే తూలుతాడు. పడినాడంటే బద్ద కిందికే. మీ జేజినాయన లోపల్లోపల నగుకున్న్యాడంట ఆ తీర్పు విని.

రామసుబ్బమ్మ మొదలుపెట్టె. ముందు మంచం మీద నుంచి లేసేది, కూర్చునేది, దినాము ఇరవై తూర్లు, పక్కన గుంజ పట్టుకోని. అది కుదిరినాక మంచి కాలి కింద ఇటిక పెట్టి ఎత్తు చేసె, బరువు పడిపోయిన కాలి మీదికే పోయేటట్ల. ఆయన నోట్లో మిగిలింది ఒగటే మాట, "థూ". నీళ్ళు కావల్లన్నా థూ, నొప్పన్నా థూ. హనుమక్క, "అమ్మా, మీ ఆయన నన్ను థూ అంటాండాడు" అంటే, రామసుబ్బమ్మ, "నన్ను ముప్పై ఏండ్లుగా అంటాండాడు లే, నువ్వు ఆ రెక్క పట్టు" అనె. తర్వాత దొడ్లో సాలు గీసి, ఆ సాలు తప్పకుండా నడిపించె. నెల పాయ. గుంటక మిగిలె. ఎద్దులకు కడితే అవి ఒక్కసారి గుంజితే మనిషి ఉంటాడా? ఎద్దుకేం తెల్సు, ఇది పడిపోయిన కాలని? అప్పుడు మా నాయన, వడ్రంగి ఓబుళేసు, గుంటకకు ఇనుప బద్ద ఊడదీసిచ్చినాడు. రామసుబ్బమ్మ కాడికి పాతకోక చుట్టి, ఒకపక్క తాను భుజం పెట్టె, ఇంగోపక్క హనుమక్కను పెట్టమనె. బయ్యన్న ఎక్కలే. థూ థూ అని తల అడ్డంగా ఊపి, ఏడ్చినాడు. పెండ్లాం కాడి మోస్తే తాను ఎక్కేదా? "ఎక్కు. నువ్వు ఎక్కకుంటే రేపు నేను మీ తమ్ముడి ఇంట్లో చేట పట్టుకోని నిలబడల్ల" అనె. ఎక్కినాడు. రొంత దూరం ఈడ్చిరి. పడె. హనుమక్క లేపబోతే, "తాకొద్దు, లేస్తాడు" అనె. లేసేతలికి దొడ్లో పాతిన కొయ్య నీడ జానెడు జరిగిందంట. అట్ల దినాము. ఆమె భుజం కాయ కాసిపాయ, ఎద్దు మెడ మాదిరి.

ఏరువాక నాడు ఊరంతా చేనికి పోయింది. నేనూ ఉండా, నా కండ్లతో చూసినా. ఈసారి నిజం ఎద్దులు, నిజం బద్ద. బయ్యన్న ఎడమ చేత్తో మేడి పట్టుకోని ఎక్కినాడు. కుడి చెయ్యి ఊరికే వేలాడుతాండాది. అవతలి గట్టు దాకా పాయ. మలుపులో ఎడమెద్దు బెదిరి గుంజె, బయ్యన్న ఎగిరి అవతలికి పడె. బద్ద కింద పడలే, అదొకటి మేలు. మీ జేజినాయన, "అయిపోయింది, లేపండి, లేపండి" అని ఉరికినాడు. రామసుబ్బమ్మ రెండు చేతులూ అడ్డం పెట్టె. "ఎవురూ తాకొద్దు! తాకితే నా శవం మీద పోవల్ల!" బయ్యన్న బోర్ల తిరిగినాడు. మోకాలు ముడ్చినాడు. ఎడమ చెయ్యి నేలకానిచ్చినాడు. మళ్ళ పడె. మళ్ళ ముడ్చె. కోక జారి, జాకెట్టు అంచు పక్కన ఆమె భుజం మీద కాయ అందరికీ కనపడె, ఆమెకు ఆ గ్యానమే లేదు. బయ్యన్న లేసినాడు, ఎక్కినాడు, వచ్చినాడు. మీ జేజినాయన, "పడినాడు గదా!" అంటే లింగప్ప, "పోయి రమ్మన్న్యాను, పడొద్దని నేనన్లేదే" అనె. భూమి నిలిచె.

అయితే ఆ కాయ చూసినాడు గదా మీ జేజినాయన. భూమి పోయిన మంట. సందు సందున అదే మాట: "పెండ్లాన్ని కాడికి కట్టి తోలినాడు మా అన్న, మనిషేనా వాడు?" ఊరు నమ్మె. హోటలు ముందర బయ్యన్న పోతాంటే నాలిక కొట్టి, "హై, హై" అని ఎద్దును అదిలిచ్చినట్ల అదిలిచ్చిరి. ఆయనేమని చెప్తాడు? నోట్లో థూ తప్ప లేదు. ఆ థూ ఇని ఇంగా నగిరి. రామసుబ్బమ్మ చెప్తే, "మొగుణ్ణి ఎనకేసుకోని వస్తాండాది పాపం" అనిరి. హనుమక్క చెప్తే కూలిదాని మాట ఎవురింటారు? మా నాయన చెప్పచ్చు. బద్ద ఊడదీసింది ఆయనే గదా. చెప్పలే. మీ జేజినాయన అప్పుడే ఆయనకు కొత్త బండి చేసే పని ఇచ్చిండె. అది మా ఇంటి తప్పు, దాచిపెట్టను. బయ్యన్న మళ్ళ ఏడేండ్లు బతికి, ఆ ఏడేండ్లూ చేనికి తప్ప ఊర్లోకి రాలే. నిలబడేది నేర్చుకున్న మనిషి, నిలబడే చోటు లేకపాయ.

మొన్న కొడుకు పెండ్లిలో మీ చిన్నాయన తిమ్మప్ప కూడా అదే మాట అనె, పంక్తిలో అందరూ నగిరి. నువ్వు కూడా నగినావు, నేను చూసినా. చదువుకున్నోడివి, నీ మాట ఇంటారు. నాది అక్షరాలు కూడబలుక్కునే చదువు, నేను చెప్తే ముసలోడి కచ్చ అంటారు. ఉండేదేమో, కచ్చ. అయినా నిజం నిజమే గదా. మళ్ళ నలుగురూ కూడిన నాడు నువ్వు లేసి చెప్పు. బయ్యన్న కట్టలేదు, ఆమే భుజం పెట్టిందని చెప్పు. మీ ఇంట్లో పుట్టిన మాట, మీ ఇంటోడే తిప్పల్ల. బయ్యన్న పెండ్లాం అని ఊరుకోవద్దు, పేరు చెప్పు, రామసుబ్బమ్మ అని. చెప్తావా?