త్రెంబత్తు వారి ఆనవాయితీ

సువార్తమ్మ గుడిలో ఆడవాళ్ళ వైపు మూడో వరసలో కూర్చుని ఉంది. పందొమ్మిది వందల డెబ్భై రెండు, ఫిబ్రవరి ఆరో తారీకు, ఆదివారం, పొద్దున పదింటి మీద ఇరవై నిమిషాలు. నిమిషాలతో సహా ఎలా తెలుసు అంటారా? పాస్టరు గారు పెళ్ళి ప్రకటన చదివే ముందు తలెత్తి గోడ గడియారం చూశారంట, ఆయన చూస్తే గుడంతా చూసిందంట. కాలవ మీద నాలుగో లాకు దగ్గర గుడి అది. లాకులంటే మీకు తెలుసుగా, ఎగువ నీళ్ళలోంచి దిగువ నీళ్ళలోకి పడవల్ని దింపే తలుపులు. ఆ కాలవకి పదకొండు లాకులు, పదకొండింటికీ ఒకటే గుడి. సువార్తమ్మ వాళ్ళది మూడో లాకు. పక్కనే మనవరాలు ఎస్తేరు కూర్చుని ఉంది, ప్రకటన దానిదే. పాస్టరు గారు కళ్ళజోడు సర్దుకుని చదివారు: "మూడో లాకు కాపురస్థులు త్రెంబత్తు దావీదు గారి కుమార్తె ఎస్తేరుకును, ఆరో లాకు కాపురస్థులు కీర్తిశేషులు త్రెంబత్తు యోనా గారి కుమారుడు తీతుకును పరిశుద్ధ వివాహము జరుగనైయున్నది. ఎవరికైనను న్యాయమైన అభ్యంతరమున్న యెడల ఇప్పుడే తెలుపవలెను." ఆ మాటన్నాక ఎవరో ఒకరు దగ్గుతారు, పాట ఎత్తుకుంటారు, ఎప్పుడూ జరిగేది అంతే. ఆ వేళ ఏమైందంటే, మగవాళ్ళ వైపు నుంచి "ఉంది!" అని ఒక గొంతు లేచింది.

ఎవరనుకున్నారు? పెళ్ళికొడుక్కి సొంత పెదనాన్న, జక్కరయ్య. తండ్రి లేని తీతుని పెంచిందీ ఆయనే. కండువా దులిపి నిలబడ్డాడంట. "అయ్యగారూ, ఆ పిల్ల ఇంటిపేరు మళ్ళీ ఒకసారి చదవండి. మూడో లాకోళ్ళు, మూడో లాకోళ్ళు అని పిలవడమే గానీ ఇంటిపేరు ఎవరూ అనరు, నేను వేరే అనుకున్నాను. ఇదా సంగతి! త్రెంబత్తు వాళ్ళ పిల్లని త్రెంబత్తు వాళ్ళ పిల్లాడికా? అన్నకీ చెల్లికీ పెళ్ళి చేస్తారా ఈ గుడిలో?" అన్నాడు. అంతే, గుడంతా గోల. మనలో ఒకే ఇంటిపేరంటే ఒకే నెత్తురు కదా. ముందెప్పుడూ చూసుకోకపోయినా సరే, వాడు అన్న, ఇది చెల్లి. అదీగాక త్రెంబత్తు అన్నది నాలుగు ఊళ్ళలో దొరికే పేరేం కాదు. కాలవ గట్టు దిగి మైలు దూరం పోతే ఆ పేరు విన్నవాడు ఉండడు.

సువార్తమ్మ బైబిలు మూసి కళ్ళు మూసుకుంది. ప్రార్థన చేస్తోందనుకున్నారు అందరూ. ఆమె మనసులో అన్నదేంటంటే, "ప్రభువా, మళ్ళీనా!" ఎందుకంటే ఆ ఇంటిపేరు కథ ఆమె జనాభా లెక్కల వాళ్ళకి చెప్పింది, బడి పంతుళ్ళకి చెప్పింది, వచ్చిన పాస్టరుకల్లా చెప్పింది. తీతు తల్లి సంబంధం అడగొచ్చిన రోజునే మొట్టమొదటి మాటగా చెప్పింది. "అమ్మా, మా ఇంటిపేరూ అదే, కానీ నెత్తురు వేరు. మీ బావగారికి ముందే చెప్పు" అని. "చెప్తాను పిన్నీ" అందావిడ. చెప్పిందా? లేదు. బావగారంటే భయం. ఇప్పుడు చూడండి, ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని స్తంభం చాటున కూర్చుంది. ఎస్తేరు సంగతి చెప్పేదేముంది, నాయనమ్మ కొంగు పట్టుకుని వదలదు. తీతూ ఎస్తేరూ రెండేళ్ళుగా గుడి పాటల్లో పక్కపక్కన నిలబడి పాడుతున్నవాళ్ళు. ఇద్దరికీ ఇష్టమే. ప్రకటన మూడు ఆదివారాలు చదవాలి, ఇప్పుడు అభ్యంతరం నిలబడితే రెండో ప్రకటన ఉండదు, పెళ్ళీ ఉండదు. అదొక్కటే కూడా కాదు. అన్నని కట్టుకోబోయిన పిల్ల అని గుడిలో అనిపించుకున్నాక దాని మొహం ఎవడు చూస్తాడు?

పాస్టరు గారు ఆరాధన ముగించి, "పెద్దలు కూర్చోండి, ఇక్కడే తేల్చుకుందాం. సువార్తమ్మ గారూ, తెలిసింది మీకే, చెప్పండి" అన్నారు. సరే, చెప్పింది. ఆవిడ గొంతెత్తి మాట్లాడే మనిషి కాదనుకోండి, అందుకని వెనకాల వాళ్ళు చెవులకి చేతులు ఒగ్గి విన్నారంట. నూరేళ్ళ కిందట ఈ కాలవ తవ్వేటప్పుడు త్రెంబత్తు దొర అని ఒక ఓవర్సీరు ఉండేవాడు. ఇంగ్లండు దేశం కొసన, నేల సముద్రంలోకి పొడుచుకుపోయిన మూల ఒకటుందంట, ఆ మూల మనిషి. వాళ్ళవి తగరం గనులు. పెళ్ళీ పెటాకులూ లేవు, పడవలోనే కాపురం. కరువుల కాలం. తవ్వకానికి ఉత్తరాది నుంచి కొందరు, మెట్ట నుంచి కొందరు, ఏటి అవతల నుంచి కొందరు ఒచ్చి పడ్డారు. ఒకడి ఊరు ఒకడికి తెలీదు. దొర కింద పనిచేసే పదకొండు కుటుంబాలనీ త్రెంబత్తు గ్యాంగు అని పిలిచేవాళ్ళు. గంజి పోసేటప్పుడూ అదే పిలుపు, మస్తర్లోనూ, అదే కూలీల హాజరు పుస్తకంలోనూ, అదే పిలుపు. తరవాత బాప్తిస్మాలు ఇచ్చినప్పుడు పాదిరి గారు ఇంటిపేరేంటి అని అడిగితే, పదకొండు మందీ వరసగా నిలబడి త్రెంబత్తు, త్రెంబత్తు, త్రెంబత్తు అన్నారు. అది పిలిస్తే గంజి దొరికిన పేరు, పోగొట్టుకుంటారా మరి? దొర జ్వరంతో పోయాడు, ఈ పదకొండు మందే గుంట తీసి పూడ్చారు. కాలవ అయ్యాక లాకుకి ఒక కుటుంబాన్ని కాపలా ఉంచారు. అందుకే నీళ్ళు ఎంతదూరం పోతే ఆ పేరు అంతదూరం పోయింది, గట్టు దాటలేదు. ఇందులో నెత్తురు ఎక్కడ కలిసింది?

"ఎవరు చూశారు?" అన్నాడు జక్కరయ్య. "కాగితం ఉందా చిన్నమ్మా?" కావాలనే చిన్నమ్మా అన్నాడు చూడండి. పెళ్ళి కుదిరిన నాడు నోరారా అత్తా అన్నవాడు! ఆయన బాధ వేరే ఉందిలెండి. రెండేళ్ళ కిందట ఆ పేరే ఉన్న ఒక తెల్లాయన ఇంగ్లండు నుంచి ఒచ్చాడు. వాళ్ళ దేశంలో ఆ పేరు వాళ్ళు మరీ తక్కువంట, ఆ సముద్రం మూలే గుట్టగా ఉంటారంట. వాళ్ళకీ మనకిలాగే ఊరి పేరే ఇంటిపేరైందంట. గనులు మూతబడ్డాక ఏ దేశంలో తవ్వకం ఉంటే ఆ దేశానికి చెదిరిపోయారంట. ఆయన దగ్గర ఒక పటం, దాని నిండా ఎర్రచుక్కలు. మన కాలవ వెంబడి కూడా లాకుకొక చుక్క పెట్టుకున్నాడు. సువార్తమ్మ అరుగు మీద కూర్చుని అందరి ముక్కులూ పరీక్షగా చూశాడంట, తన ముక్కు ఎక్కడైనా కనపడుతుందేమోనని. "నాయనా, మేము మీ వాళ్ళం కాదు, మీ వాడి దగ్గర మట్టి మోసిన వాళ్ళం" అని బడి పంతులు గారి చేత మూడుసార్లు ఇంగ్లీషులో చెప్పించింది. నాలుగోసారి మజ్జిగిచ్చి ఊరుకుంది. ఆయన ఆరో లాకుకి పోయాడు. అక్కడ జక్కరయ్య ముత్తాతకి పిల్లికళ్ళుండేవని ఎవరో అన్నారు. ఇంకేముంది! తెల్లాయన కావిలించుకున్నాడు, ఫోటో దిగారు. అప్పట్నించీ జక్కరయ్య దొర వంశం. గ్యాంగు కథ ఒప్పుకుంటే ఆయన మట్టిలో కలిసిపోడూ? ఆ తెల్లాయనకి నెత్తురు కావాలి, ఈయనకీ నెత్తురే కావాలి. మధ్యలో పెళ్ళి ఆగిపోయేది ఆడపిల్లకి.

"కాగితం లేదు," అంది సువార్తమ్మ. "మా అత్తగారికి వాళ్ళ అత్తగారు చెప్పింది, నాకు మా అత్తగారు చెప్పింది." "అత్తలూ కోడళ్ళూ చెప్పుకున్నది సాక్ష్యం ఎలాగవుతుంది అయ్యగారూ?" అన్నాడు జక్కరయ్య. పాస్టరు గారు కూడా తల గోక్కున్నారు. ఆయనది వేరే ఊరు, పాపం. ఒంటిగంట అవుతోంది, పిల్లలు ఆకలని ఏడుస్తున్నారు, ముందు భోజనాలు కానివ్వండి అన్నారు. ప్రకటన వేళ పెళ్ళికూతురి వాళ్ళు గుడికంతటికీ భోజనం పెట్టడం అక్కడ అలవాటు. ఎస్తేరు తల్లి కళ్ళు తుడుచుకుంటూనే విస్తళ్ళు వేసింది. అన్నం, పప్పుచారు, గుమ్మడి వడియాలు. పెళ్ళి ఉందో ఊడిందో తెలీకుండా ఆ వడియాలు కరకరా నమలుతున్నారు జనం. సువార్తమ్మకి ఒళ్ళు మండిపోయిందనుకోండి.

అప్పుడు ఏమైందంటే, జక్కరయ్య భార్య దానమ్మ, మంచి మనిషేలెండి, తగువు మగవాళ్ళది మనకేం అనుకునే రకం, ఎస్తేరు తల్లి దగ్గరికి ఒచ్చి మెల్లిగా అందంట, "వదినా, వేయించనివి ఉంటే కాసిని మూట కట్టివ్వవూ? మాకు గుమ్మడి వడియాలు పెట్టే ఆనవాయితీ లేదు కదా, ఎవరైనా ఇస్తే తినడమే."

సువార్తమ్మ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "దానమ్మా, ఏమన్నావు? మళ్ళీ అను తల్లీ."

"అయ్యో, ఎక్కువొద్దు పిన్నీ, గుప్పెడు చాలు."

"గంపెడిస్తాను. మీ ఇంట్లో వడియాలు ఎందుకు పెట్టరో చెప్పు."

"ఏమో పిన్నీ. మా అత్తగారు ఒద్దన్నారు. ఆవిడకి వాళ్ళ అత్తగారు చెప్పారంట. మా వారి ముత్తాత కాలం నుంచీ లేదంట, పెడితే ఇంట్లో మనుషులు దక్కరంట. నేను కొత్తగా కాపురానికొచ్చి తెలీక గుమ్మడికాయ తరిగితే, ఈయన కాయంతా కాలవలో పారేశారు!"

సువార్తమ్మ చెయ్యి కడుక్కుని లేచింది. అందరి మధ్యకీ ఒచ్చి నిలబడింది. "అయ్యగారూ, మా ఇంట్లో ఏటా రెండు చాపల నిండా గుమ్మడి వడియాలు పెడతాం. మాకు లేనిది పొట్లపాదు. మా వాకిట్లో పొట్లపాదు పాకకూడదు. అయిదో లాకు వాళ్ళేరీ? ఇశ్రాయేలూ, మీకు ఏం లేదు?" "ఆవకాయలో వెల్లుల్లి లేదు పెద్దమ్మా." "రెండో లాకు?" "మేము నల్లకోడిని పెంచం." "తొమ్మిదో లాకు?" అక్కణ్ణించి ఒక ముసలాయన, "మా ఆడవాళ్ళు చంటిపిల్లని తొలిసారి ఉయ్యాలలో మంగళవారం వెయ్యరు" అన్నాడు. అలా ఒక్కో లాకూ లేచి చెప్పుకొచ్చిందంట. సువార్తమ్మ అంది, "ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళకి ఒక ఆనవాయితీ ఉంటుంది. ఇన్ని ఇళ్ళకి ఇన్ని ఎక్కణ్ణించి ఒచ్చాయి? పేరు మార్చుకున్నాం, ఊరు మార్చుకున్నాం, దేవుణ్ణి నమ్ముకున్నాం. వంటింట్లో అత్త కోడలికి చెప్పింది మాత్రం ఒక్కళ్ళూ మార్చలేదు. కాగితం అడిగావు కదా జక్కరయ్యా, ఇదే నా కాగితం."

"దొరే పెట్టొద్దన్నాడేమో!" అన్నాడు జక్కరయ్య. అన్నాడే గానీ గొంతులో పస లేదు.

"మరి మా ఇంట్లో పెట్టమన్నాడా నాయనా? తగరం గనుల ఊర్నించి ఒచ్చినాయన, పాపం, గుమ్మడి వడియం మొహం చూశాడో లేదో! దాని జోలికి పోవద్దని మీ వంటింట్లోకి ఒచ్చి చెప్పాడా?"

నవ్వారండీ! పాస్టరు గారు కూడా దగ్గినట్టు రుమాలు అడ్డం పెట్టుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది దానమ్మే.  నవ్వులు తగ్గాక పాస్టరు గారు జక్కరయ్యని, "ఏమంటారు?" అని అడిగితే, "లేదు" అన్నాడు. "ఏది లేదు?" "అభ్యంతరం," అన్నాడు. అని కండువా భుజాన వేసుకుని, చెప్పులు కూడా తొడుక్కోకుండా గట్టెక్కి వెళ్ళిపోయాడు. ఎస్తేరు అప్పటిదాకా పట్టుకున్న కొంగు వదిలింది. వదిలితే చూశారంట, అక్కడ చీర చిరిగిపోయి ఉంది.

అయిపోయిందనుకున్నారా? సువార్తమ్మ కూడా అలాగే అనుకుని నిద్రపోయింది. మర్నాడు సోమవారం, ఇంకా పూర్తిగా తెల్లారలేదు, ఆమె మోకాళ్ళ మీద ప్రార్థనలో ఉంది, అరుగు మీద ఎవరో కూర్చున్న చప్పుడు. చూస్తే జక్కరయ్య. ఆరో లాకు నుంచి గట్టు వెంబడి నడిచొచ్చాడు. "అత్తా," అన్నాడు. విన్నారా, అత్తా అన్నాడు! "మేం దొర పిల్లలం కాకపోతే మరి ఎవరి పిల్లలం?"

సువార్తమ్మకి ఆ మొహం చూస్తే విసుగు ఎక్కడికి పోయిందో తెలీలేదంట. పక్కన కూర్చుని చెప్పింది. "మీవాళ్ళు మెట్ట మనుషులు నాయనా. మీ ముత్తాత ఇంట్లో మిద్దె మీద గుమ్మడి వడియాలు ఎండబెట్టుకున్న వారంలో గత్తర, అదే కలరా, ఒచ్చిందంట. తల్లి, తండ్రి, ఇద్దరు అక్కలు, చంటివాడు, అంతా పోయారు. మిద్దె మీద వడియాలు తిరగేసేవాళ్ళు కూడా లేరు. మిగిలింది మీ ముత్తాత ఒక్కడే, అవి అలాగే వదిలేసి నడిచి నడిచి కాలవకి చేరాడు. పాదిరి గారు ఇంటిపేరు అడిగితే, ఇల్లే లేదు, పేరెందుకండీ, ఆ గ్యాంగు పేరు రాయండి అన్నాడంట. మా అత్తగారి అత్తగారు ఆయన వెనకాలే వరసలో నిలబడి ఉంది. పాత పేరు ఆవిడకీ చెప్పలేదు." జక్కరయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం అత్తా?" అన్నాడు. "నువ్వు అడిగిందెప్పుడు?" అంది.

ఆ మాట అంటుండగానే రేవులో పడవ ఆగింది. రెండో లాకు వాళ్ళు, అయిదో లాకు వాళ్ళు, తొమ్మిదో లాకు ముసలాయన, కూడా పిల్లలూ కోడళ్ళూ, నిన్న గుడిలో లేచి చెప్పినవాళ్ళంతా దిగుతున్నారు. "పెద్దమ్మా, మా వెల్లుల్లి సంగతేంటి?" "మామ్మా, మా నల్లకోడి?" సువార్తమ్మ నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. ఎస్తేరు తల్లి లోపలికి పోయి, పెళ్ళికని దాచిన పెద్ద గిన్నె దింపి ఉప్మాకి ఎసరు పెట్టింది. దావీదు చాపలు పరిచాడు, ఎస్తేరు ఉల్లిపాయలు తరిగింది, జక్కరయ్య ఎవరూ చెప్పకుండానే బిందె తీసుకుని నీళ్ళకి పోయాడు. ఆ వేళ ఆ ఇంట్లో ఇంకే పనీ జరగలేదు. పెళ్ళి బాగానే జరిగిందిలెండి, అది చెప్పుకునేంత కథ కాదు. మీలో ఎవరికైనా మీ ఇంట్లో ఏది ఎందుకు ఒండరో తెలీకపోతే, వెళ్ళి మీ అత్తగార్ని అడగండమ్మా. నన్ను మాత్రం అడగొద్దు, నాకింకా పొయ్యి మీద పప్పు ఉంది.