శనివారం నేసిన కప్పు

"ఇంకోసారి చూడు నాయనా. వేరే ఏమన్నా మాదిరి కనపడతాదేమో."

"పొద్దున్నించి చూస్తానే ఉండా కదమ్మా. ఎట్ల తిప్పి చూసినా కప్పే."

"తలకిందులుగా పెడితే?"

"తలకిందులుగా పెడితే తలకిందులైన కప్పు."

రెండు వేల ఇరవై మూడు, నవంబరు ఇరవై, సోమవారం ఉదయం. ధర్మవరంలో నేతగాడు రంగయ్య ఇంటి ముందుగదిలో కొత్త పట్టుచీర కొంగు చాప మీద పరిచి ఉంది. దానికి చెరొక పక్క రంగయ్యా, కూతురు పావనీ కూర్చున్నారు. ముందురోజే ప్రపంచకప్పు ఫైనల్లో మన జట్టు ఓడిపోయింది.

"కప్పు బొమ్మ పక్కన పెట్టు నాయనా, మ్యాచ్ అయినాంక చూద్దామని చెప్పినానా ల్యాదా?"

"చెప్పినావు."

"మరి?"

"పది మ్యాచులు గెలిచినారమ్మా, వరసగా పది! పదకొండోది పోతాదని ఎవురనుకున్యారు? పైగా ఆదివారం మగ్గం మీద చీర కోయరు మనింట్లో. సోమవారానికి చీర ఇయ్యాలంటే శనివారం పొద్దు మునిగేలోగా కోసెయ్యాల. కొంగులో అంత జాగా ఖాళీగా పెట్టి కోస్తే, పన్నూడిన నోరు మాదిరి ఉంటాది చీర."

"ఆ జాగాలో మామిడి పిందెలు నేసింటే సరిపోతాండె."

"పిందెలు నేసేదానికి నీ కంప్యూటరు బొమ్మలేంటికి? నేను టమేటా నేస్తానంటే నువ్వే వద్దంటివి."

"పట్టుచీరలో టమేటానా?"

"ఏం తక్కువ దానికి? ఈ సంవత్సరం మన దేశం నుంచి చంద్రుని దాకా పోయింది రెండే. ఒగటి చంద్రయాన్, ఇంకోటి జులైలో టమేటా రేటు."

"నగులాటకు టైమా ఇది? అమ్మ చూడు, రాత్రి నుంచి నీతో మాట్లాడల్యా."

"మీ అమ్మ అలిగింది కప్పు కోసం కాదులే. మ్యాచ్ ఆఖర్లో నేను నెత్తి కొట్టుకుంటే మోచెయ్యి తగిలి ఆమె చేతిలో కాఫీ ఒలికిపోయింది. దానికి."

"నాయనా, శ్యామలమ్మ టీచర్ హిందూపురంలో బండి ఎక్కేసింది. ఆర్డరు ఇచ్చేటప్పుడు ఆమె ఏం చెప్పింది? చెప్పు."

"ఈ సంవత్సరం మన దేశంలో జరిగినవన్నీ కొంగులో నేయాల అనింది."

"ఇంకా?"

"జరగనిది ఒక్క పోగు కూడా ఉండకూడదు అనింది."

"ఎనిమిదో తరగతిలో ఒగ యుద్ధానికి సంవత్సరం తప్పు రాస్తినని నూరుసార్లు రాయించింది నాతో. రిటైరయినా మారల్యా ఆమె. రేపు సోషల్ టీచర్లంతా కూడే మీటింగుకు ఈ చీర కట్టుకొని పోతే? కప్పు గెలిచినామని కొంగులో పెట్టుకొని పోయినట్ల కదా!"

"నువ్వు ఊరికే..."

"ఊరికే కాదు. మన మాట మరిచిపోయినావా? నా బొమ్మలతో నేసిన మొదటి చీర టీచర్‌కు నచ్చితే నేను ఈడనే ఉండి డిజైన్లు గీస్తా. నచ్చకపోతే డిసెంబరు ఒగటో తేదీ పోయి పెనుకొండ కాడ కార్ల ఫ్యాక్టరీలో చేరతా, ఆడ ఉండే కిరణన్న చూసిపెట్టిన పనిలో. ఈ షరతు ఎవురు పెట్టింది?"

"నేనే."

"ఇంట్లో డిగ్రీ చదివింది నువ్వొగదానివే, మళ్ళా మగ్గం కాడనే కూర్చుంటే నలుగురూ ఏమంటారు, అనింది ఎవురు?"

"అదీ నేనే."

"నా బతుకంతా పోయి ఆ కప్పులో పడింది నాయనా."

"బంగారు జరీతో నేసిన కప్పు. పడేదానికి మంచి జాగానే."

"నాయనా!"

"సరే, సరే. నగనులే."

"అదో, నీ ఫోన్. కిరణన్నే. ఎత్తు."

"ఉండనీలే."

"పొద్దున్నించి ఇది మూడోసారి. నేను చేరేదీ చేరనిదీ అడిగేదానికే ఏమో."

"మోగి మోగి అదే నిలబడతాది. ముందు ఈ కప్పు సంగతి చూద్దాం పా. కలశం అని చెప్పేద్దామా?"

"కలశమైతే కొబ్బరికాయ యాడ? మామిడాకులు యాడ? పైన గుండు, కింద మూడు కాళ్ళు. నమ్ముతాదా ఆమె?"

"సంకటి ముద్ద!"

"ఏంది?"

"రాగిసంకటి ముద్ద. పైన గుండ్రంగా ఉండాదా ల్యాదా? ఇది చిరుధాన్యాల సంవత్సరమని నువ్వే కదా చెప్పింది, ప్రపంచమంతా రాగులూ కొర్రలూ తినాలని?"

"అవును. మన దేశం అడిగితేనే ప్రపంచమంతా ఒప్పుకున్యారు. అది జరిగిందే. నాయనా, అది నిజంగా జరిగిందే! ...ల్యా, ల్యా. మూడు కాళ్ళ మీద నిలబడిన సంకటి ముద్దను యాడన్నా చూసినావా?"

"పీట మీద పెట్టినాం. గౌరవంగా."

"ముద్ద మీద దేశాల గీతలేంటికి?"

"వేళ్ళ గుర్తులు. మీ అవ్వ ముద్ద కడితే అట్లే పడతాండె."

"నాకు నగు తెప్పియ్యొద్దు. అబద్ధం చెప్పేది నాతో అయ్యే పని కాదు."

"అబద్ధం ఎవురు చెప్పమనిరి? మనం నోరు తెరవొద్దు. ఆమే ఏదో ఒగటి అనుకునేదాకా కూర్చుందాం."

"ఆ పోగులు ఊడబీకేదానికి కాదా?"

"నడిమధ్యలో కూర్చుండాది. ఈ పక్క చంద్రయాన్, ఆ పక్క కొత్త పార్లమెంటు. కప్పు ఊడబీకితే పార్లమెంటు కూలిపోతాది."

"అయితే కొంగు మడతల్లో లోపలికి పోయేటట్ల పిన్ను పెట్టిస్తే?"

"అప్పుడు చంద్రయాన్ పోయి టీచర్ చంకలో దిగుతాది."

"అయ్యో దేవుడా. మళ్ళా ఫోన్."

"కిరణ్‌దయితే వదిలెయ్."

"కాదు, నాది. టీచర్! ఏం చెప్పేది? ...హలో, నమస్తే టీచర్."

"పావనీ, బండి పెనుకొండలో నిలబడింది. ఇంకో గంటలో మీ ఇంట్లో ఉంటా. చీర మడిచి పెట్టొద్దండి, పరిచి పెట్టండి. కండ్లద్దాలు కూడా కొత్తవి చేయించుకున్నా. పోగు పోగూ చూడాల నేను."

"టీచర్, ఒగ మాట..."

"చెప్పు."

"అది... బండిలో సీటు దొరికిందా టీచర్?"

"కిటికీ పక్కనే. పెట్టేస్తున్నా."

"సీటు అడిగేదానికా గొంతు సవరించుకుంటివి?"

"నోరు రాల్యా నాయనా."

"కొత్త అద్దాలంట."

"నేనూ విన్యాలే. నాయనా, నిజం చెప్పు. పది మ్యాచులు సరే, ఆదివారం సరే. నేను వద్దన్న్యా కూడా నేసినావంటే ఇంకేమో ఉండాది."

"ఏముంటాది?"

"ఏమో ఉండాది. నా మొగం చూసి చెప్పు."

"ముప్పై ఏండ్లు హంసలు నేసినా, నెమళ్ళు నేసినా. నేసింది నేసినట్ల మడిచి ఇచ్చేసింటి. శనివారం మధ్యాన్నం ఆ చంద్రయాన్ కాళ్ళు నేసి, మగ్గం నిలిపేసి, అట్లనే చూస్తా కూర్చున్యా. నేను నేసినదాన్ని నేనే అంతసేపు చూసింది ఎప్పుడూ ల్యా పాపా. శానా సంతోషమొచ్చింది. ఆ సంతోషంలో..."

"ఆ సంతోషంలో?"

"ఆ సంతోషంలో ఏమేమో చేసేసినా. వదిలెయ్. ముందు ఆ దిండు తీసి కప్పు మీద పెట్టు."

"దిండు కింద చంద్రయాన్ పడతాది. వద్దు."

గంట కాకముందే గుమ్మంలో చెప్పులు విడిచిన చప్పుడైంది. పావని లేచి నిలబడింది.

"రాండి టీచర్, రాండి. మంచినీళ్ళు తాగుతురు..."

"నీళ్ళు తర్వాత రంగయ్యా, ముందు చీర. ఓహో! ఇది పార్లమెంటు. కిటికీలు కూడా నేసినావే! ఇది చంద్రయాన్. కాళ్ళు నాలుగు, సరి. ఏ రోజు దిగింది పావనీ?"

"ఆగస్టు ఇరవై మూడు టీచర్."

"కరెక్టు. ఈడ అంచులో పువ్వులన్నీ ఉండి, ఒక జానెడు మాత్రం ఖాళీగా ఉంది. పోగులు చాలల్యా?"

"అంచులో నెలలు వరసగా గీసినా టీచర్, అది ఆగస్టు. వాన రాల్యా కదా. అందుకని ఏమీ గీయల్యా."

"...ఇది నీ ఆలోచనేనా?"

"అవును టీచర్."

"ఊఁ. మరి మధ్యలో ఇదేంది?"

"అది..."

"అది టీచర్..."

"ఉండండి, చెప్పొద్దండి. నేనే చెప్తా. గుండ్రంగా ఉంది. ఎత్తు పీట మీద కూర్చోబెట్టినారు. టమేటా! జులైలో దేశమంతా దేవుని మాదిరి చూసుకున్నాం కదా దాన్ని! రంగయ్యా, ఇది నీ పనే. ఈ పిల్లకు ఇంత ఎగతాళి రాదు."

"చూసినావా పాపా? టమేటా టమేటా అని నేను మొదటినుంచీ మొత్తుకుంటి!"

"ఊరుకో నాయనా. టీచర్, అది టమేటా కాదు."

"పాపా, నోరు..."

"కప్పు టీచర్. క్రికెట్ కప్పు. మ్యాచ్ కాకముందే నేసేసినాం. నిన్న ఓడిపోతిమి. మీరు జరిగిందే నేయమన్న్యారు. మేము జరగనిది నేసినాం."

"తప్పు నాది టీచర్. పాప వద్దనే చెప్పింది."

"బొమ్మ గీసింది నేనే కదా నాయనా."

"ఆగండి ఇద్దరూ. కొంగులో గెలిచినామని యాడన్నా అక్షరాలు నేసినారా?"

"ల్యా టీచర్."

"కప్పు ఎవరి చేతిలోనన్నా ఉందా?"

"ల్యా. ఊరికే నిలబడుకోనుండాది."

"ప్రపంచకప్పు పోటీలు ఈసారి ఏ దేశంలో జరిగినాయి?"

"మన దేశంలోనే టీచర్."

"ఫైనల్?"

"అహ్మదాబాదులో."

"అయితే జరిగిందా, జరగలేదా?"

"...జరిగింది."

"పందిరి మనది, వంట మనది, తాంబూలం మాత్రం వచ్చినోళ్ళు ఎత్తుకపోయినారు. అంతమాత్రాన పెండ్లి జరగలేదంటామా? కప్పు చూస్తానే గెలుపు కనబడితే అది మీ కండ్ల తప్పు, చీరది కాదు. నాకు టమేటా కనబడింది."

"అయితే... చీర నచ్చిందా టీచర్?"

"ఆ ఖాళీ ఆగస్టు కాడనే నచ్చింది. మా చెల్లెలికి ఇంకొక చీర కావాల. దాంట్లో మాత్రం నిజం టమేటా ఉండాల. గీస్తావా?"

"గీస్తా టీచర్! తొడిమెతో సహా గీస్తా."

"రంగయ్యా, ఈ పిల్లను యాడికీ పంపొద్దు. ఇంక నీళ్ళియ్యండి, గొంతెండిపోయింది."

నీళ్ళకని వంటింట్లోకి వెళ్ళిన పావని వెనకే రంగయ్య కూడా వచ్చాడు. అతని జేబులో ఫోన్ మళ్ళీ మోగింది.

"ఇప్పుడన్నా ఎత్తు నాయనా. ఫ్యాక్టరీకి నేను రానని చెప్పెయ్ కిరణన్నకు. షరతు నీదే కదా."

"అది... చెప్పే పనిల్యా."

"పాపం, ఎదురుచూస్తాంటాడు."

"ఎదురుచూసేదానికి కాదమ్మా, తిట్టేదానికి చేస్తాండాడు. ఆ పని ఇంకొగరికి ఇచ్చెయ్ అని చెప్పేసినా."

"ఎప్పుడు?"

"శనివారం."

"శనివారమా? టీచర్ చీర చూడకముందేనా? ఆమె వద్దనింటే?"

"కప్పు నేసి, మగ్గం దిగి, అప్పుడే చేసినా ఫోన్. కప్పుదీ, నీ చీరదీ, రెండు మ్యాచులూ గెలిచేసినామనే అనుకున్యా పాపా. ఒగటే కదా పోయింది."