వీడియో కోసం ఏడుపు

జనగామ వృద్ధాశ్రమంలో తొమ్మిదేళ్ల వర్షిణి పియానో వాయించడం ఆపగానే, ఆమె తండ్రి ఫోన్ పట్టుకుని ముందు వరుసలోని ముసలాయన దగ్గరికి వచ్చాడు.

“బాపూ, ఇంకో పాట వాయిస్తది. జర కండ్లల్ల నీళ్లు పెట్టుకో, వీడియో తీస్త.”

“మా ముసల్ది సచ్చిననాడే ఏడ్వలే. ఇప్పుడెందుకు ఏడుస్త?”

“పొద్దుగాల పాలకుర్తిల స్టేజీ మీద శాలువా కప్పిన్రు. గంత మంచిగ వాయిస్తది.”

“మంచిగనే వాయించింది. అన్నం తిన్నదా?”

“మహబూబాబాదుల ఇంకో ప్రోగ్రాం ఉన్నది. అయినంక తింటది.”

“పిల్ల కూసున్నకాడనే తూగుతున్నది, కనవడ్తలేదా?”

“ఒక్క పాటే బాపూ. నువ్వు ఏడిస్తే లక్షల మంది చూస్తరు.”

“ఏడుస్త. ముందు పిల్లకు నా పళ్లెంల అన్నం పెట్టి, నా మంచంల పండవెట్టు.”

“మరి పాట?”

“నాకు ఏడ్వనీకె పాట అక్కర లేదు.”