కింది గొంతు

బేకర్స్‌ఫీల్డ్‌లో పాత పాటల రికార్డుల కొట్టు. ఈ ఊళ్ళో పత్తి ఏరిన చేతులే గిటారు పట్టాయి, ఆ సంగతి ఏ రికార్డు అట్ట మీదా ఎవడూ అచ్చు వెయ్యలేదు. ముసలి కొట్టుగలాయన, బేరానికొచ్చిన ఆడమనిషి మాట్లాడుకుంటున్నారు.

“ఈ ఊరి పాటలు కొత్తగా వినేవాళ్ళకి ఏవిస్తారు పెద్దాయనా?”

“మూడు చాలు. ఇది డాన్సు హాల్లో పాడింది, గిటారు చెవులు చీల్చేస్తుంది. ఇది కూలీల పాటలు. ఇది జంట గొంతులది. నీదేవూరు?”

“ఇదే.”

“ఇక్కడ పుట్టి ఇప్పుడా వినడం!”

“తిట్టండి, పడతాను. కూలోళ్ళ ఏడుపులని వెక్కిరించేదాన్ని. ఇప్పుడు నాన్నకి మతి పోయింది, నన్ను గుర్తుపట్టడు. రోజంతా ఒకటే కూనిరాగం. అది ఏ పాటో తెలిస్తే పెడదామని.”

“ఏదీ, అను.”

“ఇలా, సన్నగా పైన. మధ్యమధ్య ఆగిపోతాడు.”

“అది పాట కాదమ్మా. పాట మీద పలికే రెండో గొంతు. ఆగినప్పుడల్లా కింద పాడే మొదటి గొంతు కోసం చూస్తున్నాడు. మీ ఇంట్లో అదెవరిది?”

“అమ్మది. మొన్న పత్తి తీతలప్పుడు పోయింది. చెప్తాం, మర్చిపోతాడు.”

“అయితే ఆయనకి వట్టి రికార్డు పెట్టి లాభం లేదు. ఆ పాట ఈ జంట గొంతులదాన్లో ఉంది, పట్టుకెళ్ళు. కింది గొంతు నేర్చుకుని పక్కన కూర్చుని పాడు.”

“నాది అచ్చం అమ్మ గొంతు. నన్నే అమ్మనుకుంటాడు. ఇక కూతుర్నని ఎప్పటికీ తెలీదు.”

“తెలీదు.”

ఆమె అట్ట మీద దుమ్ము చేత్తో తుడిచింది.

“ఒకసారి పెట్టండి. కింది గొంతే వింటాను.”