పదిహేడో నంబరు బావి గట్టు

కూర్చున్నవాళ్లకీ, కుర్చీలు చాలక గోడవారన నిలబడ్డవాళ్లకీ నమస్కారం. ఈ హాలు ఇంతగా నిండుతుందని నేననుకోలేదు. ఆయనే గనక చూసుంటే "ఇంతమంది పని మానుకుని వచ్చారేమిటయ్యా" అని కసిరేవారు. కసరడానికి ఆయన లేరు. మొన్న మంగళవారం పొద్దున పోయారు. నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు.

మా భూగర్భ జలాల ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్లెవరు? ఎదురుగా ఉంటే సార్, పక్కకెళితే బావుల బాబాయ్. ముప్పై నాలుగేళ్లు, ఒక్క ఏడాది తప్ప, నెలనెలా ఈ చుట్టుపక్కల యాభై రెండు బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచారు. ఉక్కు టేపు చివర సుద్ద రుద్ది లోపలికి వదిలేవారు. సుద్ద ఎక్కడిదాకా తడిస్తే అక్కడికి లెక్క. ఏ పేటకి ఎన్ని బోర్లు వెయ్యొచ్చో, ఎన్ని గంటలు నీళ్లివ్వొచ్చో పైవాళ్లు ఆ లెక్కలు చూసే నిర్ణయించేవారు. కొలిచే ముందు ఇంటివాళ్లచేత మోటారు ఆపించి, గంటసేపు గట్టు పక్కనే నిలబడేవారు. కూర్చోమన్నా కూర్చునేవారు కాదు. "తోడిన నీళ్లు సర్దుకోవాలి. సర్దుకున్నాకే నిజం చెబుతాయి" అనేవారు.

పిన్నిగారు ఇక్కడే ఉన్నారు. అద్దె ఇల్లు వెతకడానికి ఈయన్ని వెంటబెట్టుకెళ్లి ఆవిడ పడ్డ పాట్లు మీకు తెలుసా? ఇంటివాళ్లు గదులు చూపిస్తుంటే ఈయన పెరట్లో బావిలోకి వంగి చూస్తూ ఉండేవారట. మూడు మంచి ఇళ్లు అలాగే చేజారాయి. "మీకు కావాల్సింది ఇల్లా, నుయ్యా?" అని పిన్నిగారు నిలదీస్తే, "నుయ్యి బాగుంటే ఇల్లు ఎలా ఉంటే ఏంటే" అన్నారట. నవ్వండి, పరవాలేదు. ఆయన కూడా ఈ మాట చెప్పుకుని నవ్వేవారు.

నవ్వడం నాకే చేతకావడం లేదు. ఎందుకో చెప్పడానికే ఇవాళ మైకు అడిగి మరీ తీసుకున్నాను.

పంతొమ్మిదేళ్ల కిందటి ఎండాకాలం మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కొత్త కాలనీకి నాలుగు బోర్లు వేశారు. ఏడాది తిరక్కుండా నాలుగూ ఎండిపోయాయి. అక్కడ నీళ్లున్నాయని సంతకం పెట్టింది బాబాయ్. ఆయన్ని నడివీధిలో నిలబెట్టి తిట్టారు. తిట్టినవాళ్లు ఈ హాల్లోనూ ఉన్నారు. మిమ్మల్ని నేను తప్పుపట్టను. మీకేం తెలుసు?

ఆ వైపు మాకున్నది ఒక్కటే బావి. పదిహేడో నంబరు, బేకరీ వెనకది. గట్టు మీద ఎర్ర రంగు గీత ఉండేది. కొలత ఎప్పుడూ ఆ గీత నుంచే తీసుకోవాలి. ఆ బోర్లు వెయ్యకముందు ఒక లారీ వెనక్కొచ్చి ఆ గట్టును గుద్దేసింది. బేకరీ ఆయన మళ్లీ కట్టించాడు, కానీ మూడడుగులు పొట్టిగా. గీత పోయింది. ఆ ఏడాదే బాబాయ్ కాలు విరిగి, బావులు నాకు అప్పగించారు. అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్లయింది. కొత్త సిమెంటు కళ్లెదుట కనబడుతూనే ఉంది. దాని మీదే టేపు ఆనించి, అంకె రాసుకుని, బేకరీలో వేడి వేడి బన్ను కొనుక్కుని తింటూ వచ్చేశాను. ఏడాదంతా అలాగే చేశాను. నీళ్లు నిజానికి రెండడుగులు కిందికి దిగాయి. గట్టు మూడడుగులు తగ్గింది కాబట్టి, నా పుస్తకంలో ఒక అడుగు పైకొచ్చాయి!

బాబాయ్‌కి అనుమానం రాకపోలేదు. "వానల్లేవు, తోడేవాళ్లు తగ్గలేదు, నీళ్లెలా పెరుగుతాయయ్యా? గట్టు సరిగ్గా చూశావా?" అని మంచం మీంచే అడిగారు. "చూశాను సార్" అన్నాను. నన్ను నమ్మి సంతకం పెట్టారు.

బోర్లు ఎండిపోయాక కర్ర ఊతంతో ఆ బావి దగ్గరికి వచ్చారు. నేనూ వెంట ఉన్నాను. గట్టు మీద చెయ్యి పెట్టి తడిమారు. అంతే, ఆయనకి తెలిసిపోయింది. తిడతారనుకున్నాను, చెంప పగలగొడతారనుకున్నాను. "ఇక మీద కళ్లను నమ్మకు, చెయ్యి పెట్టి చూడు" అన్నారు. విచారణలో ఆయన రాసిచ్చింది రెండే ముక్కలు: "సంతకం నాది. తప్పు నాది." నా పేరు ఎక్కడా లేదు. రావాల్సిన పెద్ద పోస్టు పోయింది. పాత కాగితాల గదిలో కూర్చోబెట్టారు. అక్కడి నుంచి కూడా నెలనెలా బావులకి వెళ్లడం మానలేదు. ఆ ఎండాకాలమంతా సాయంత్రాలు కాలనీలో ట్యాంకరు దగ్గర నిలబడి, తనని తిట్టినవాళ్ల బిందెలే కుంటుకుంటూ మోశారు.

మరి నేనేం చేశాను? నోరు మూసుకున్నాను. పంతొమ్మిదేళ్లు! ఆయనకి రావాల్సిన కుర్చీలో నేను కూర్చున్నాను. పోయినవారం ఆసుపత్రిలో "అందరికీ చెప్పేస్తాను సార్" అంటే చెయ్యెత్తి వద్దన్నారు. "నీకు పిల్లలున్నారురా" అన్నారు. ఆయనకి మాత్రం లేదూ ఒక కూతురు?

అమ్మా, ముందు వరసలో కూర్చున్నావు, నీతోనే చెబుతున్నాను. ఎనిమిదో క్లాసులో నిన్ను బడిలో "నీళ్లు లేకుండా చేసినాయన కూతురు" అన్నారని, ఆ తర్వాత మూడు రోజులు నువ్వు నాన్నతో మాట్లాడలేదని పిన్నిగారు చెప్పారు. ఆ మాటలు ఆయన పడ్డారు, నువ్వు పడ్డావు. పడాల్సింది నేను. మీ నాన్న తప్పుడు కొలత ఒక్కటి కూడా రాయలేదమ్మా. చూడకుండా కొలిచింది నేను. చూశానని అబద్ధమాడింది నేను. ఈ మాటే కాగితం మీద పెట్టి, సంతకం చేసి, ఇవాళ పొద్దున ఆఫీసులో ఇచ్చి వచ్చాను. క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

బాబాయ్, మీరు వద్దన్నా చెప్పేశాను.

ఇక అందరం లేద్దాం. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. మోటారు ఆపించి, కూర్చోమన్నా కూర్చోకుండా, నీళ్లు సర్దుకునేదాకా ఆయన ఆ గట్టు పక్కన ఎలా నిలబడేవారో, అలా నిలబడదాం.