అప్పాల అచ్చు

మైన్ నది ఒడ్డున ఒక మఠం. గుడిలో దివ్యప్రసాదానికి అప్పాలు కాల్చే మెఖ్‌టిల్డ్‌ను, అద్భుతాల గ్రంథం రాసే ఎంగెల్హార్ట్ సన్యాసి తన రాతగదికి పిలిపించాడు. యూదుడు జుస్కింద్ మీద విచారణ రేపే.

“చూశాను అను, చాలు.”

“చూడందే ఎలా అంటాను ఫాదరూ?”

“ఈస్టరు నాడు వాడు గుడి గుమ్మం దగ్గర తచ్చాడాడా, లేదా?”

“తచ్చాడ్డమేంటి! నా చెయ్యి కాలిందని మందు తెచ్చాడు. ఊరికే ఇచ్చిపోయాడు.”

“అదే నా అనుమానం. ఊరికే ఎందుకిస్తాడు? నిన్ను మాటల్లో పెట్టి లోపలికి దూరాడు. ప్రసాదం దొంగిలించాడు. ఇంట్లో క్రీస్తు శరీరమైన ఆ అప్పాన్ని కత్తితో పొడిచాడు, అందులోంచి రక్తం కారింది. మొత్తం రాసేశానులే.”

“చివర్న ఏం రాశారు?”

“వాణ్ణి కాల్చేశారు, జనం దేవుణ్ణి స్తుతించారు.”

“విచారణ రేపు కదా!”

“ఇలాంటి కథలకి ఇంకో ముగింపు ఉండదే తల్లీ. అదే న్యాయం.”

“మనిషి ప్రాణం ఫాదరూ... నేను అననంటే?”

“అననంటే... వాడిచ్చిన మందు పూసుకున్నదానివి. రేపు జనం నీ వంకా చూస్తారు. నీ మంచికే చెప్తున్నా.”

“భయమేస్తోంది.”

“వెయ్యాలి.”

“పోనీ, రక్తం కారిందన్న ఆ అప్పం ఒక్కసారి చూపించండి. చూడకుండా ప్రమాణం ఎలా చేసేది?”

“ముట్టుకోకు! అక్కణ్ణించే చూడు. వాడి పొయ్యి పక్క గూట్లో దొరికింది. నేనే వెతికి తీశాను. అదిగో రక్తం.”

“రక్తం కింద గొర్రెపిల్ల బొమ్మ ఉందే.”

“క్రీస్తు గుర్తు. ఉంటే?”

“ఈస్టరు అప్పాల మీద సిలువ కదా ఫాదరూ.”

“సిలువో, గొర్రెపిల్లో... ఏదో ఒకటి.”

“ఏదో ఒకటి కాదు. సిలువ అచ్చు ఈస్టరు అయ్యాక విరిగింది. గొర్రెపిల్ల అచ్చు కమ్మరి మొన్న సోమవారమే తెచ్చిచ్చాడు.”

“నువ్వు... పొరబడుతున్నావు.”

“నా చేత్తో కాల్చినవి నాకు తెలీవా? దాంతో ఒక్క వాయే తీశాను.”

“అందులోంచే దొంగిలించి ఉంటాడు! గుడి పెట్టెలోంచి!”

“పెట్టెలో ఇంకా పెట్టలేదని పొద్దున మీరేగా అన్నారు? ఆ వాయంతా మీ చేతికే ఇచ్చాను. ఇప్పుడు చెప్పండి ఫాదరూ, రేపు నన్నేం చూశానని చెప్పమంటారు?”