యాభై ఓములు

"పక్కింటావిడ ఏమంటోందో విన్నారా నాన్నా? వాళ్ళ టీవీలో హీరో నోరు తెరిస్తే మీ గొంతు వస్తోందట!"

"ఆవిడ దాకా పోతోంది గానీ, మీ బాబాయి దాకా పోవట్లేదమ్మడూ. హామ్ రేడియోలో పిలిచి పిలిచి నా గొంతు పోయింది. అంతా ఏరియల్‌కి వెళ్ళే ఈ పాడు కేబుల్ వల్లే! యాభై ఓములు ఉండాల్సింది, మీటరు తొంభై చూపిస్తోంది."

"ఏరియల్ తగిలించి ఉంచే కొలిస్తే దాని లెక్క కూడా కలిసిపోదూ? ఊడదీసి తెండి."

కేబుల్ చివర తీగలు విడిగా వదిలేసి ఒకసారి, కలిపి ఒకసారి కొలిచి, కూతురు లెక్క కట్టింది.

"యాభై."

"ఆఁ? యాభయ్యా? సరిగ్గా చూడవే!"

"రెండోసారీ యాభయ్యే."

"కేబుల్ బాగుంటే మరి వాడు పలకడేం? చెవుడొచ్చిందా?"

"అందరూ వింటుండగా రేడియోలో బాబాయిని దద్దమ్మ అన్నారుగా. మీ పిలుపు రోజూ వింటూనే ఉన్నాడు నాన్నా, పలకడంలేదంతే."